మీటింగుకి అద్దెవాళ్లను కూడా పిలవండి: విశాఖ అపార్ట్‌మెంట్ సంఘాలకు బహిరంగ లేఖ

అధ్యక్షులకు, కార్యదర్శులకు, కోశాధికారులకు, కార్యవర్గ సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఉత్తరం ఏ ఒక్క సంఘాన్నో దృష్టిలో పెట్టుకుని రాస్తున్నది కాదు. మధురవాడ నుంచి కూర్మన్నపాలెం దాకా, సీతమ్మధార నుంచి పెందుర్తి దాకా అపార్ట్‌మెంట్ల బరువు మోస్తున్న మీ అందరికీ రాస్తున్నాను. మార్చి దాటితే చాలాచోట్ల జనరల్ బాడీ మీటింగులు మొదలవుతాయి. అందులో ఏం మాట్లాడతారో తెలిసిందే. మెయింటెనెన్స్ పెంచాలా వద్దా, లిఫ్టు రిపేరు, బోరులో నీళ్లు, పార్కింగ్, పై ఫ్లాటు లీకేజీ, బకాయిలు. ఇవన్నీ మాట్లాడుకోవాల్సినవే. ఈ పనులకు మీకు జీతం రాదు. పైగా అందరిచేతా మాట పడాలి. మీలో చాలామంది రిటైరైన తర్వాత కాస్త విశ్రాంతిగా ఉండాల్సిన వయసులో ప్లంబర్ల చుట్టూ తిరుగుతున్నారు. ఆ కష్టం మీద గౌరవంతోనే ఇది రాస్తున్నాను.

నేను అడిగేది ఒక్కటే. మన బిల్డింగుల్లో ఉంటున్నవాళ్లు ఒకరికొకరు తెలిసేలా చూడటం కూడా సంఘం పనిలో భాగమని ఒప్పుకోండి. తీరిక ఉంటే చేసే అదనపు పనిగా కాకుండా, లిఫ్టూ మోటారూ ఎంత ముఖ్యమో ఇదీ అంత ముఖ్యమని రాసుకోండి. ఎందుకంటే ఈ ఊళ్లో ఆ పని చేయగలిగినవాళ్లు మీరు తప్ప ఇంకెవరూ నాకు కనపడటం లేదు.

విశాఖ వలస వచ్చినవాళ్ల ఊరు. 1933లో హార్బరు వచ్చింది. 1941లో షిప్‌యార్డుకు శంకుస్థాపన జరిగింది. 1957లో రిఫైనరీ. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అంటూ 1966లో ప్రాణాలిచ్చి మరీ సాధించుకున్న స్టీల్ ప్లాంటు ఆ తర్వాత వచ్చింది. నేవీ ఉండనే ఉంది. ఒక్కో గేటు తెరుచుకున్నప్పుడల్లా శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి, గోదావరి జిల్లాల నుంచి, ఒడిశా నుంచి, ఇంకా దూరం నుంచి మనుషులు వచ్చారు. ఈ రోజుకీ ఇక్కడ ఎవరినైనా ‘మీదేవూరండీ’ అని అడిగితే, ముప్పై ఏళ్లుగా ఇక్కడే ఉన్నవాళ్లు కూడా పలాస దగ్గరనో, బొబ్బిలి పక్కననో, రాజాం అవతలనో చెబుతారు. అది తప్పేం కాదు. కాకపోతే ఇంతమంది పరాయివాళ్లు ఒక ఊరివాళ్లుగా ఎలా మారారన్నది గుర్తు చేసుకోవాలి.

నా బాల్యం సింధియా దగ్గర షిప్‌యార్డు క్వార్టర్స్‌లో గడిచింది. మా వరసలో పక్కింటివాళ్లు బెంగాలీలు. వాళ్ల అవతల ఇచ్ఛాపురం వాళ్లు, ఎదురుగా ఒక మలయాళీ కుటుంబం. మా అమ్మకు తెలుగు తప్ప ఏ భాషా రాదు. అయినా ఆ బెంగాలీ పిన్నిగారితో గంటలు గంటలు కబుర్లు చెప్పేది. నాన్నకు నైట్ షిఫ్ట్ అయితే పగలు వరండాలో పిల్లలెవరూ అరవకుండా పక్కవాళ్లే చూసుకునేవారు. ఎవరింట్లో ఎవరు ఏ షిఫ్టుకి వెళ్లారో వీధి మొత్తానికి తెలిసేది. ఇదంతా ఆ రోజుల్లో మనుషులు మంచివాళ్లు కాబట్టి జరిగిందని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. అప్పుడూ తగువులుండేవి, కులం పట్టింపులుండేవి, కుళాయి దగ్గర జుట్లు పట్టుకున్న సందర్భాలూ ఉన్నాయి. కాకపోతే ఆ కాలనీని కట్టినవాళ్లు ఇళ్లతోపాటు స్కూలు, గ్రౌండు, క్లబ్బు, ఆసుపత్రి కూడా కట్టారు. కావాలనుకున్నా ఒకరినొకరు తప్పించుకుని తిరగడం కుదిరేది కాదు. పోర్టు క్వార్టర్స్, రైల్వే క్వార్టర్స్, ఉక్కునగరం సెక్టార్లలో పెరిగినవాళ్లను అడగండి, ఇదే మాట చెబుతారు.

రిటైరైతే క్వార్టరు ఖాళీ చేయాలి. పీఎఫ్ డబ్బులతో ఒకరు గాజువాకలో, ఒకరు గోపాలపట్నంలో, మేం మధురవాడలో ఫ్లాట్లు కొనుక్కున్నాం. బిల్డర్ మనకు కారు పెట్టుకోవడానికి గీత గీసి ఇచ్చాడు గానీ కూర్చోవడానికి అరుగు కట్టలేదు. క్వార్టర్స్‌లో కంపెనీ చేసిపెట్టిన పనిని ఇక్కడ ఎవరూ తమదనుకోలేదు. మిగిలిందల్లా మీరు, మీ సంఘం.

ఇక మా బిల్డింగులో జరిగినది చెబుతాను. మూడో అంతస్తులో ఒక మాస్టారు ఒంటరిగా ఉంటారు. ఆయన కొడుకు అమెరికాలో. ఒకరోజు రాత్రి ఆయనకు ఛాతీలో నొప్పి వచ్చింది. పక్క ఫ్లాటువాళ్ల నంబరు ఆయన దగ్గర లేదు. ఫోన్లో వేలికి దొరికింది కొడుకు నంబరు. కొడుకు అక్కడి నుంచి మా సంఘం బాధ్యుడికి ఫోన్ చేస్తే, ఆయన పాపం ‘ఏ ఫ్లాటండీ, ఓనరా, టెనెంటా’ అని అడిగారు. తప్పు పట్టను, ఆయన దగ్గరున్న పుస్తకంలో ఉన్నది ఫ్లాట్ల లెక్కే. చివరికి కదిలింది మా వాచ్‌మన్. మాస్టారు ఏ మాత్ర వేసుకుంటారో, అది ఏ సొరుగులో ఉంటుందో, స్పేర్ తాళం ఎవరి దగ్గర ఉందో అతనికి తెలుసు. ఆటో మాట్లాడి, తనే పక్కన కూర్చుని ఆసుపత్రికి తీసుకెళ్లాడు. మాస్టారు బతికారు. మర్నాడు నేను మెచ్చుకోబోతే అతను ‘ఏటమ్మా, రోజూ పాలపేకెట్టు ఇచ్చీది నేనే గదా, ఆయన సంగతి నాకు తెల్దేటి’ అన్నాడు.

మీ బిల్డింగు సంగతి ఒకసారి ఆలోచించండి. ఎవరికి బీపీ ఉందో, ఎవరి అమ్మాయికి పరీక్షలో, ఎవరింట్లో భార్యాభర్తలు మాట్లాడుకోవడం లేదో, ఏ ముసలామె రెండు రోజులుగా కిందికి దిగలేదో తెలిసినవాళ్లు ఎవరు? సెల్లార్లో ఒక్క గదిలో పిల్లలతో ఉంటున్న వాచ్‌మన్, అతని భార్య. పొద్దున్నే నాలుగైదు ఇళ్లు తిరిగే పనమ్మాయి. వీళ్లలో ఒక్కరిని కూడా మన మీటింగుకి పిలవం. చాలా బిల్డింగుల్లో పనిమనుషులు లిఫ్టు వాడకూడదని కాగితం అంటిస్తారు. ఐదో అంతస్తులో మూడిళ్ల అంట్లు తోమి దిగే మనిషికి మూత్రానికి వెళ్లే చోటు కూడా ఉండదు. ఒక బిల్డింగును కలిపి ఉంచుతున్నవాళ్లనే మనం బయట నిలబెట్టాం. ముందు ఆ కాగితం తీసేయండి. సెల్లార్లో వాళ్లకొక టాయిలెట్ కట్టించండి. సంఘం నిధుల్లో అది పెద్ద ఖర్చేమీ కాదు.

ఇప్పుడు రాయబోయేది రాయడానికి కష్టంగా ఉంది, కానీ రాయకపోతే ఈ ఉత్తరానికి అర్థం లేదు.

అద్దెకున్న ఇంట్లో మనిషి పోతే శవాన్ని లోపలికి తేనివ్వరన్నది మన దగ్గర అందరికీ తెలిసిన రహస్యం. మా పరిచయస్తుల్లో ఒకాయన ఆసుపత్రిలో పోయారు. ఆ కుటుంబం ఆ ఫ్లాటులో ఏళ్ల తరబడి అద్దెకుంది. పిల్లలు అక్కడే పెరిగారు. వినాయక చవితి చందా ప్రతి ఏడూ ఇచ్చారు. శవాన్ని ఒక్క గంట సెల్లార్లో ఉంచి స్నానం చేయించుకుంటామని అడిగితే, ఇంటి ఓనరు వద్దన్నారు, సంఘం వాళ్లు ‘రూల్ లేదండీ’ అన్నారు. ఆసుపత్రి నుంచి తిన్నగా జ్ఞానాపురం శ్మశానానికి తీసుకెళ్లారు. ఆయన తల్లి, కొడుకు ముఖం చివరిసారి అంబులెన్సు దగ్గర నిలబడి చూసింది. పదకొండో రోజు కాకముందే ఇల్లు ఖాళీ చేయమని కబురు వచ్చింది.

అంటును, మైలను నమ్మేవాళ్లను నేను తీసిపారేయడం లేదు. ఎవరి ఆచారం వారిది. కానీ పల్లెల్లో మైల ఎలా పాటించేవారో కూడా మనకు తెలుసు. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు కాబట్టి పక్కింటివాళ్లే వండి పంపేవారు. పాడె మోయడానికి వీధిలోని మగవాళ్లంతా పని మానుకుని వచ్చేవారు. ఆచారంలో తలుపు వేసుకోవడం ఒక్కటే ఉంచుకుని అన్నం పంపడం వదిలేశాం. మనిషి చావడానికి కూడా సేల్ డీడ్ కావాలంటే ఇక ఆ ఊరు ఎవరిది అవుతుంది? దయచేసి మీ బైలాస్‌లో, అంటే సంఘం నియమావళిలో, రెండు వాక్యాలు రాయండి. సొంతమైనా అద్దైనా, ఈ బిల్డింగులో ఉంటున్నవాళ్లు చనిపోతే ఉమ్మడి స్థలంలో అంత్యక్రియల ఏర్పాట్లు చేసుకోవచ్చు. ఆ తర్వాత మూడు రోజులు ఆ ఇంటివాళ్ల భోజనం సంఘం చూసుకుంటుంది. అది కాగితం మీద ఉంటే ఆ సమయంలో ఎవరూ ఎవరినీ బతిమాలుకోవాల్సిన పని ఉండదు.

అద్దెవాళ్ల సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నాను. 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం సంఘం యజమానులది, ఓటు యజమానులది. దాని మీద నాకు అభ్యంతరం లేదు. కానీ మీటింగుకి పిలిచి కుర్చీ వేయడానికి ఏ చట్టం అడ్డు వచ్చింది? ఈ రోజు మధురవాడ, పీఎం పాలెం, ఎండాడ వైపు చాలా ఫ్లాట్లలో ఓనర్లు ఉండరు, హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటారు. ఆ లిఫ్టులో ఇరుక్కునేది, ఆ నీళ్లు తాగేది, పిల్లలు సైకిలు తొక్కుతుంటే పక్కకు జరిగేది అద్దెవాళ్లు. వాళ్లను పిలవకుండా తీర్మానాలు చేస్తే అవి అక్కడ లేనివాళ్లు ఉన్నవాళ్ల కోసం చేసిన తీర్మానాలు. పెళ్లికానివాళ్లకు ఇవ్వం, మాంసం తినేవాళ్లకు ఇవ్వం, ఫలానా మతం వాళ్లకు ఇవ్వం అనే మాటలు కూడా ఆగాలి. వన్ టౌన్‌లో వెంకటేశ్వరస్వామి కొండ, దర్గా కొండ, రాస్ హిల్ చర్చి పక్కపక్కనే ఉన్న ఊరు మనది.

పెళ్లికాని కుర్రాళ్ల గురించి ఇంకొక్క మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ సామాజిక సంబంధాల మీద వేసిన కమిషన్ 2025 జూన్‌లో నివేదిక ఇచ్చింది. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని, ఏటా సుమారు 8 లక్షల 71 వేల మరణాలకు దానితో సంబంధం ఉందని అందులో ఉంది. ఒంటరితనం అనగానే మనకు ముసలివాళ్లు గుర్తొస్తారు. కానీ ఆ నివేదికలోనే 13 నుంచి 29 ఏళ్ల వారిలో 17 నుంచి 21 శాతం మంది ఒంటరిగా అనిపిస్తోందని చెప్పారు. రుషికొండ ఐటీ కంపెనీలకు పోతూ ముగ్గురు నలుగురు కలిసి ఫ్లాటు తీసుకున్న పిల్లల్ని చూడండి. లిఫ్టులో చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తలొంచుకుని నిలబడతారు. పొగరనుకుంటాం. పలకరించి చూడండి. ‘ఏం బాబూ, టిఫినయిందా’ అంటే చాలు, ముఖం విప్పారుతుంది. మన పిల్లలు బెంగళూరులో ఏ లిఫ్టులోనో అలాగే నిలబడి ఉంటారని గుర్తు పెట్టుకోండి.

ఇది కేవలం మంచి మనసుకు సంబంధించిన విషయమని అనుకోకండి, ప్రాణాలకు సంబంధించింది కూడా. 1995 జులైలో అమెరికాలోని చికాగోలో వడగాడ్పులకు 700 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో చాలామంది ఒంటరిగా ఉంటున్న ముసలివాళ్లు. ఎరిక్ క్లైనెన్‌బర్గ్ అనే సామాజిక శాస్త్రవేత్త అక్కడ పక్కపక్కనే ఉన్న రెండు పేటలను పరిశీలించారు. రెంటిలోనూ పేదరికం ఉంది, రెంటిలోనూ ఒంటరి వృద్ధులున్నారు. కానీ వీధిలో దుకాణాలు, జనం, రాకపోకలు ఉన్న పేటలో చావులు చాలా తక్కువ. ఇళ్లు ఖాళీ అయిపోయి, వీధులు నిర్మానుష్యమైన పేటలో చాలా ఎక్కువ. ముసలివాళ్లు బయటికి వచ్చేందుకు ఒక చోటు, వచ్చినప్పుడు పలకరించేందుకు ఒక మనిషి, తేడా అక్కడే వచ్చింది. వైశాఖం ఎండలు తెలిసిన మనకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు.

అంత దూరం కూడా పోనక్కర్లేదు. 2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను మన మీద నుంచే తీరం దాటింది. చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి, కొండలు మోడువారాయి. చాలా పేటల్లో రోజుల తరబడి కరెంటు లేదు, సిగ్నల్ లేదు, మోటారు ఆడక కుళాయిలో చుక్క లేదు. అప్పుడు మనం ఏం చేశామో మీరు చూశారు. చేతిపంపు ఉన్న ఇంటి గేటు తెరిచి పెట్టారు. పై అంతస్తుల ముసలివాళ్లకు కుర్రాళ్లు బకెట్లతో మెట్లమీదుగా నీళ్లు మోశారు. ఇన్వర్టర్ మిగిలి ఉన్న ఇంట్లో అందరి ఫోన్లూ వరసగా పెట్టి ఛార్జింగ్ చేసుకున్నాం. ఫ్రిజ్‌లో పాడైపోయేవన్నీ తెచ్చి ఒకేచోట వండుకున్నాం. ఆ వారంలో మా బిల్డింగులో తెలిసినంతమంది పేర్లు అంతకుముందు ఏళ్లలో తెలియలేదు. ఆరేళ్ల తర్వాత, 2020 మే 7 తెల్లవారుజామున ఆర్ఆర్ వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకైనప్పుడు నిద్రలో ఉన్నవాళ్లను బతికించింది కూడా తలుపులు బాది లేపిన మనుషులే. ఏ తలుపు వెనుక ఎవరున్నారో తెలియకపోతే ఎవరిని లేపుతాం?

కరెంటు వచ్చింది. టీవీలు వచ్చాయి. మళ్లీ తలుపులు మూసుకున్నాం. తుపాను వచ్చినప్పుడే కలవాలంటే ఇంకో తుపాను కోసం ఎదురుచూడాలి.

ఈ ఊరివాళ్లకు కలవడం రాదని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. ఆషాఢ పౌర్ణమి ముందు రోజు సింహాచలం గిరి ప్రదక్షిణ చూడండి. కొండ కింద తొలిమెట్టు, అదే తొలిపావంచా, దగ్గర కొబ్బరికాయ కొట్టి లక్షల మంది 32 కిలోమీటర్లు నడుస్తారు. అడవివరం, హనుమంతవాక, అప్పుఘర్, ఎంవీపీ, మాధవధార, గోపాలపట్నం. దారి పొడవునా ఇళ్ల ముందు టేబుళ్లు వేసి మజ్జిగ, పులిహోర, అరటిపళ్లు, కాళ్లకు రాసుకోవడానికి నూనె ఇస్తారు. ఎవరు, ఏ ఊరు, ఏ కులం అని ఒక్కరూ అడగరు. తెల్లవార్లూ నిలబడి నీళ్లు పోసే ఆ పిల్లలు మన అపార్ట్‌మెంట్ల పిల్లలే. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారికి పైకప్పు కూడా లేదు, ఎవరి చేత్తో వారు పసుపు కుంకుమలు పెట్టుకుంటారు. మార్గశిర గురువారం క్యూలో ముందున్న ఆవిడ వెనకున్న ఆవిడ బిడ్డను ఎత్తుకోవడం మనకు కొత్తా? పొద్దున బీచ్ రోడ్డులో వాహనాలు ఆపగానే ఎంతమంది వస్తారో చూస్తున్నాం కదా. చోటు ఇస్తే, ఒక సందర్భం ఇస్తే, జనం వస్తారు. మన మెట్లమీద ఆ చోటూ లేదు, ఆ సందర్భమూ లేదు.

చోటంటే కొత్తగా ఏమీ కట్టనక్కర్లేదు. టెర్రస్ తాళం తీయండి. పిల్లలు పడిపోతారని, బట్టలు పోతాయని, కుర్రాళ్లు సిగరెట్లు కాలుస్తారని తాళం వేశారు. పిట్టగోడ ఎత్తు పెంచండి, సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది దాకా పెద్దవాళ్లెవరైనా ఉండేలా చూడండి. సముద్రపు గాలి వచ్చే ఊళ్లో ఉండి, ఆ గాలి తగిలే చోటుకి తాళం వేసుకున్నాం. సెల్లార్లో లిఫ్టు పక్కన ఒక సిమెంటు బల్ల వేయించండి, ముసలివాళ్లు కూర్చుంటారు, వచ్చీపోయేవాళ్లు ఆగుతారు. బల్లకు అడ్డంగా బండ్లు పెట్టనివ్వకండి.

వాట్సాప్ గ్రూపు ఉందిగా అంటారు. ఉంది. అందులో గుడ్ మార్నింగులు, నీళ్లు రాలేదనే ఫిర్యాదులు, పార్కింగ్ తగువులు ఉంటాయి. మెట్లమీద ఎదురుపడితే అనలేని మాట అక్కడ అనేస్తాం, తర్వాత మెట్లమీద ముఖం తిప్పుకుంటాం. గ్రూపు తీసేయమనడం లేదు. దానితో పాటు కాగితం మీద ఒక పుస్తకం పెట్టండి. ప్రతి ఫ్లాటులో ఎవరెవరున్నారు, ఎవరు ఒంటరిగా ఉంటున్నారు, ఆపద వస్తే పైనా కిందా ఎవరికి ఫోన్ చేయాలి. ఇష్టమైనవాళ్లే రాస్తారు, బలవంతం వద్దు. వృద్ధుల సహాయానికి 14567 నంబరు ఉందని లిఫ్టులో అంటించండి. కానీ ఆ నంబరు కంటే ముందు ఎదురింటి తలుపు ఉండాలి.

మీలో కొందరు అంటారు, ఎవరి బతుకు వాళ్లు బతకనివ్వమ్మా, అందరికీ ప్రైవసీ కావాలి అని. నిజమే. అత్తగారి ఆరాలు, వీధి నిఘాల నుంచి పారిపోయి అపార్ట్‌మెంటుకు వచ్చి ఊపిరి పీల్చుకున్న ఆడవాళ్లు నాకు తెలుసు. ఎవరింటికి ఎవరు వచ్చారో సీసీ కెమెరాలో చూసి గ్రూపులో పెట్టే సంఘాలను కూడా విన్నాను. నేను అడుగుతున్నది ఆ నిఘా కాదు. పేరు తెలియడం వేరు, ఆరా తీయడం వేరు. తలుపు వేసుకునే హక్కు అందరికీ ఉండాలి, అవసరమైనప్పుడు కొట్టడానికి ఒక తలుపూ ఉండాలి.

ఈ ఏడాది జనరల్ బాడీ నోటీసు ఇంకా వేయకపోతే, అందులో ఈ నాలుగూ చేర్చండి: అద్దెవాళ్లకు ఆహ్వానం, వాచ్‌మన్‌కూ పనివాళ్లకూ మాట్లాడే పది నిమిషాలు, చావు జరిగితే ఏం చేయాలనే నియమం, టెర్రస్ తాళం. లెక్కల కంటే ముందు వీటిని పెట్టండి, లెక్కలు మొదలయ్యాక ఎవరికీ ఓపిక ఉండదు. మా బిల్డింగులో మీటింగు రెండో ఆదివారం సాయంత్రం ఆరింటికి, సెల్లార్లో. ప్రతి ఫ్లాటుకీ వెళ్లి తలుపు కొట్టి చెప్పే పని నేను, రెండో అంతస్తు కోడలుపిల్ల కలిసి తీసుకున్నాం. మీ బిల్డింగులో ఆ పని ఎవరు తీసుకుంటారో ఈ వారంలోనే అడగండి.

ఇట్లు,
మధురవాడలో ఉంటున్న ఒక షిప్‌యార్డు కార్మికుడి కూతురు